లెక్క ఒకటే, చేరే చోట్లు వేరు: స్టాట్స్‌డీలో బ్యాకెండ్‌లు అమర్చుకోవడం

కంప్యూటర్ ప్రోగ్రాం గురించిన వ్యాసానికి తెలుగు గోడపత్రికలో ఏం పని అని అడిగేవాళ్లకి ముందే ఒక మాట చెప్పేస్తాను. ఇక్కడ చెప్పబోయే ప్రోగ్రాంకి తెలుగు అక్షరాలు ఇస్తే, ఏ హెచ్చరికా లేకుండా వాటిని తుడిచేస్తుంది. ఎందుకు తుడుస్తుంది, అలా జరగకుండా ఎలా అమర్చుకోవాలి అన్నది తెలియాలంటే ఆ ప్రోగ్రాం ఎలా నడుస్తుందో మొదటినుంచి చూడాలి. బీఏ చదివేవాళ్లకి అర్థం కానంత కష్టమేమీ ఇందులో లేదు. లెక్క రాసుకోవడం, ఆ లెక్క ఎవరికి చేరాలో నిర్ణయించుకోవడం, అంతే.

ఒక ఉదాహరణ అనుకుందాం. మన ఇళ్లల్లో అవ్వలు, అమ్మమ్మలు వాడే తెలుగు మాటలన్నీ పోగుచేసి, డిపార్ట్‌మెంట్ తరఫున ఒక చిన్న పదకోశం వెబ్‌సైట్ పెట్టామనుకోండి. ఏడాది తిరిగేసరికి ఎవరో ఒకరు అడుగుతారు: "దీన్ని ఎవరైనా చూస్తున్నారా? మళ్లీ ఏడాదికి సర్వర్ డబ్బులు కట్టాలా?" దానికి జవాబు ఒక అంకె. ఆ అంకె తప్పుగా సున్నా అని వచ్చిందనుకోండి, వెబ్‌సైట్ ఆగిపోతుంది. తెలుగు ఇంట్లో మాట్లాడే భాషగా మిగిలిన మన బెంగళూరు లాంటి ఊళ్లలో అంకెల మీద చాలా పనులు ఆధారపడి ఉంటాయి. సెక్షన్‌లో ఎంతమంది చేరారు, పరీక్షకి ఎంతమంది కూర్చున్నారు, పుస్తకం ఎన్నిసార్లు లైబ్రరీ నుంచి బయటికి వెళ్లింది, ఇలా. కాబట్టి అంకె ఎలా పుడుతుందో, ఏ దారిన వస్తుందో తెలుసుకుని ఉండటం మనకే మంచిది.

కొలతలు నాలుగు రకాలు

నేను చెప్పే ప్రోగ్రాం పేరు స్టాట్స్‌డీ. చేతితో చేసిన వస్తువులు అమ్మే ఎట్సీ అనే అమెరికా వెబ్‌సైట్ ఇంజనీర్లు దీన్ని 2011లో అందరికీ ఉచితంగా ఇచ్చారు. అంతకుముందే ఫ్లికర్ అనే ఫోటోల వెబ్‌సైట్‌లో ఇలాంటి పనే చేసే చిన్న ప్రోగ్రాం ఒకటి ఉండేది, పేరూ ఆలోచనా అక్కడినుంచే తీసుకున్నారు. ఎట్సీవాళ్లు దీన్ని జావాస్క్రిప్ట్‌లో, నోడ్ మీద నడిచేలా రాశారు.

స్టాట్స్‌డీ లెక్కలు రాసే గుమాస్తా లాంటిది. మన వెబ్‌సైట్ దానికి చిన్న చిన్న చీటీలు పంపుతుంది. ఒక్కో చీటీలో మూడు సంగతులు ఉంటాయి: కొలత పేరు, విలువ, రకం. పేరు తర్వాత రెండు చుక్కలు, విలువ తర్వాత ఒక నిలువు గీత, ఆ తర్వాత రకాన్ని చెప్పే అక్షరం. ముఖ్యమైన రకాలు నాలుగు. హాస్టల్ మెస్‌తో పోల్చి చెప్తాను.

కౌంటర్ అంటే ఎన్నిసార్లు జరిగింది అనే లెక్క. మధ్యాహ్నం ఎన్ని టోకెన్లు ఇచ్చారు అన్నట్టు. ఒక టోకెన్‌కి ఒక చీటీ.

గేజ్ అంటే ఇప్పుడు ఎంత ఉంది అనేది. స్టోర్‌లో బియ్యం బస్తాలు 14 ఉన్నాయంటే 14. కొత్త చీటీ వచ్చేదాకా గుమాస్తా పాత అంకెనే చెప్తూ ఉంటాడు. ఇది గుర్తుపెట్టుకోండి. చీటీ పంపే మనిషి ఊరికి వెళ్లిపోయినా లెక్కలో 14 బస్తాలు అలాగే కనిపిస్తాయి.

టైమర్ అంటే ఎంతసేపు పట్టింది. క్యూలో ఒక్కొక్కరూ ఎంతసేపు నిలబడ్డారో చెప్తే, గుమాస్తా వాటినుంచి సగటు, అతి తక్కువ, అతి ఎక్కువ తీసి ఇస్తాడు. వీటితోపాటు నూటికి 90 మంది ఎంతలోపు బయటపడ్డారు అన్నదీ లెక్కగడతాడు. అలవాటుగా వచ్చే సెట్టింగ్ 90, కావాలంటే మార్చుకోవచ్చు.

సెట్ అంటే వేరు వేరు మనుషులు ఎంతమంది అనేది. ఒకే అమ్మాయి రెండుసార్లు వడ్డించుకుంటే కౌంటర్‌లో 2, సెట్‌లో 1.

చీటీలు వెళ్లే పద్ధతి యూడీపీ. అంటే రసీదు లేని పోస్టుకార్డు అన్నమాట. పంపినవాళ్లు "అందిందా?" అని ఆగి చూడరు. ఇలా ఎందుకు పెట్టారంటే, లెక్క రాయడం కోసం అసలు పని ఆగకూడదు. గుమాస్తా నిద్రపోయినా మెస్‌లో వడ్డన ఆగదు. ఈ వసతికి ధర ఒకటుంది, దాని గురించి తర్వాత చెప్తాను.

బ్యాకెండ్ అంటే ఏమిటి

గుమాస్తా చీటీలన్నీ పోగుచేసి, ఒక గడువు కాగానే మొత్తం కట్టి పైకి పంపేస్తాడు. దీన్ని ఫ్లష్ అంటారు. మనం ఏమీ రాయకపోతే గడువు 10 సెకన్లు. పంపగానే కౌంటర్లు మళ్లీ సున్నా నుంచి మొదలవుతాయి.

పైకి అంటే ఎక్కడికి? మొదట్లో స్టాట్స్‌డీ ఒక్క చోటికే పంపేది, దాని పేరు గ్రాఫైట్. ఆర్బిట్జ్ అనే ప్రయాణాల టికెట్ల కంపెనీలో 2006లో పుట్టి, 2008లో అందరికీ విడుదలైన ప్రోగ్రాం అది. అంకెల్ని దాచిపెట్టి గీతల బొమ్మలుగా చూపిస్తుంది. తర్వాత, అందరూ గ్రాఫైటే వాడరు కదా అని, పంపే పనిని విడిగా ఒక ముక్కగా చేశారు. ఆ ముక్కే బ్యాకెండ్. తీసి ఇంకొకటి తగిలించుకోవచ్చు కాబట్టి ప్లగబుల్ అంటారు.

మన వంటింట్లో మిక్సీ ఉంటుంది కదా. మోటారు ఒకటే. పిండికి పెద్ద జార్, పచ్చడికి చిన్న జార్. జార్ మార్చడానికి మోటారు విప్పక్కర్లేదు. అయితే జార్ అడుగు మోటారు మీద సరిగ్గా కూర్చునేలా ఉండాలి. స్టాట్స్‌డీ మోటారైతే బ్యాకెండ్‌లు జార్‌లు. ఒక్క తేడా ఏమిటంటే, ఇక్కడ ఒకే మోటారు మీద నాలుగైదు జార్‌లు ఒకేసారి తిరగొచ్చు.

రెండు భాషల ఇంట్లో పెరిగినవాళ్లకి ఇది ఇంకా తేలిగ్గా తెలుస్తుంది. మా ఇంట్లో నీళ్ల లారీ వచ్చిందంటే అమ్మకి తెలుగులో చెప్తాను, నాన్నకి కన్నడలో చెప్తాను. కబురు ఒక్కటే, వినేవాళ్లని బట్టి మాట మారుతుంది. బ్యాకెండ్ చేసే పని అదే. స్టాట్స్‌డీ ఇచ్చిన అంకెని గ్రాఫైట్‌కి అర్థమయ్యే తీరులో ఒకటి చెప్తుంది, తెర మీద మనిషి చదివే తీరులో ఇంకొకటి చెప్తుంది.

స్టాట్స్‌డీతో పాటు వచ్చే బ్యాకెండ్‌లలో మూడు తెలిస్తే చాలు.

1. గ్రాఫైట్: ఒక్కో అంకెని ఒక వరుసగా రాసి పంపుతుంది. వరుసలో పేరు, విలువ, సమయం ఉంటాయి.

2. కన్సోల్: అంకెల్ని ఎక్కడికీ పంపకుండా తెర మీదే అచ్చువేస్తుంది. కొత్తగా అమర్చేటప్పుడు చూసుకోవడానికి బాగుంటుంది.

3. రిపీటర్: వచ్చిన చీటీని వచ్చినట్టే ఇంకో స్టాట్స్‌డీకి అందిస్తుంది. ఇది ఫ్లష్ దాకా ఆగదు, కూడికలు చెయ్యదు. కాలేజీ సర్వర్‌లో ఒకటి, బయట ఇంకొకటి ఉంటే పనికొస్తుంది.

ఇవి కాక ఇన్‌ఫ్లక్స్‌డీబీ లాంటి వాటికి బయటివాళ్లు రాసిన బ్యాకెండ్‌లు ఉన్నాయి. వాటిని విడిగా ఇన్‌స్టాల్ చేసుకోవాలి.

సెట్టింగుల ఫైల్ ఎలా రాయాలి

స్టాట్స్‌డీని మొదలుపెట్టేటప్పుడు ఒక సెట్టింగుల ఫైల్ ఇస్తాం. అందులో ఉండాల్సిన ముఖ్యమైన వరుసలు ఇవి. గోడపత్రిక కాబట్టి తెలుగు లిపిలో రాస్తున్నాను, ఫైల్‌లో ఇవన్నీ ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉండాలి.

పోర్ట్: 8125. చీటీలు వచ్చే కిటికీ నంబరు.

ఫ్లష్ ఇంటర్వల్: 10000. ఇది మిల్లీసెకన్లలో ఉంటుంది, అంటే 10 సెకన్లు. 10 అని రాస్తే సెకనుకి వంద సార్లు పంపమన్నట్టు అవుతుంది, జాగ్రత్త.

బ్యాకెండ్స్: చదరపు బ్రాకెట్లలో బ్యాకెండ్‌ల పేర్లు, మధ్యలో కామాలు. స్టాట్స్‌డీతో వచ్చినవాటికి ముందు చుక్క, గీత, ఫోల్డర్ పేరు రాయాలి. విడిగా ఇన్‌స్టాల్ చేసినవాటికి ఒట్టి పేరు చాలు.

గ్రాఫైట్ హోస్ట్, గ్రాఫైట్ పోర్ట్: గ్రాఫైట్ ఏ కంప్యూటర్‌లో ఉందో, ఏ కిటికీలో తీసుకుంటుందో. మామూలుగా ఆ కిటికీ 2003.

ఇక్కడ ఒక మెలిక ఉంది. బ్యాకెండ్స్ అనే వరుస అసలు రాయకపోతే స్టాట్స్‌డీ తనంతట తానే గ్రాఫైట్‌ని తీసుకుంటుంది. కానీ ఆ వరుస రాస్తే, అందులో ఉన్నవాటినే తీసుకుంటుంది. గ్రాఫైట్ ఎలాగూ ఉంది, చూసుకోవడానికి కన్సోల్ కూడా కలుపుదాం అనుకుని ఆ వరుసలో కన్సోల్ ఒక్కటే రాశారనుకోండి, గ్రాఫైట్ పోతుంది. తెర మీద అంకెలు చక్కగా కనిపిస్తూనే ఉంటాయి, గ్రాఫైట్‌లో ఆ రోజు నుంచి ఖాళీ. రెండూ కావాలంటే రెండూ రాయాలి.

పేరు తప్పు రాస్తే ఏమవుతుంది? అది మంచి తప్పు. బ్యాకెండ్ దొరక్కపోతే స్టాట్స్‌డీ మొదలవ్వదు. దొరికి కూడా "నేను సిద్ధం" అని చెప్పకపోతే, ఫలానా బ్యాకెండ్ ఎక్కలేదని రాసి ఆగిపోతుంది. వెంటనే తెలుస్తుంది కాబట్టి వెంటనే దిద్దుకుంటాం. బాధపెట్టేవి చప్పుడు లేని తప్పులు.

చప్పుడు లేని తప్పులు

మొదటిది, అవతలివాళ్లు లేకపోవడం. గ్రాఫైట్ ఉన్న కంప్యూటర్ ఆగిపోయినా స్టాట్స్‌డీ నడుస్తూనే ఉంటుంది. గడువు కాగానే పంపడానికి చూస్తుంది, తలుపు తీయరు, ఆ అంకెలు అంతటితో పోతాయి. మళ్లీ పంపడానికి దాచుకోదు. కౌంటర్లు మాత్రం ఎప్పటిలాగే సున్నా అయిపోతాయి. డీబగ్ అనే సెట్టింగ్ పెట్టుకోకపోతే దీని గురించి ఒక్క మాట కూడా రాయదు.

దీన్ని పట్టుకోవడానికి ఒక దారి ఉంది. స్టాట్స్‌డీకి 8126 అనే రెండో కిటికీ ఉంటుంది, అది విచారణ కౌంటర్ లాంటిది. అక్కడికి వెళ్లి స్టాట్స్ అని అడిగితే గ్రాఫైట్‌కి చివరిసారి ఎప్పుడు అందించింది, చివరి చీటీ ఎప్పుడు వచ్చింది, అర్థంకాని చీటీలు ఎన్ని వచ్చాయి అన్నీ చెప్తుంది. చివరిసారి అందించిన సమయం పాతబడి ఉంటే దారిలో ఎక్కడో తెగిందని అర్థం.

రెండోది, గడువులు కలవకపోవడం. గ్రాఫైట్ తన అంకెల్ని గళ్ల నోటుబుక్కులో రాసుకున్నట్టు రాస్తుంది. ఒక్కో గడికి ఎంత సమయం అనేది దాని సెట్టింగుల్లో ఉంటుంది. గ్రాఫైట్‌తో నమూనాగా వచ్చే ఫైల్‌లో మామూలు కొలతలకి ఒక్కో గడి 60 సెకన్లు, అలా ఒక రోజుకి సరిపడా. స్టాట్స్‌డీ అలవాటు 10 సెకన్లు. అంటే ఒక్కో గడిలోకి 6 అంకెలు వస్తాయి. గ్రాఫైట్ వాటిని కూడదు. ఒకదాని మీద ఇంకొకటి రాస్తుంది, చివరిది మిగులుతుంది.

మన పదకోశంలో ఒక నిమిషంలో వరుసగా 5, 0, 3, 0, 4, 0 సార్లు మాటలు వెతికారనుకోండి. మొత్తం 12. గడిలో మిగిలేది చివరి సున్నా. పన్నెండుసార్లు వెతికితే ఎవరూ వెతకలేదని చూపిస్తుంది. రెండు ప్రోగ్రాంలూ తమకి చెప్పినట్టే చేశాయి, వాటిని జతచేసినవాళ్లు గడువులు చూసుకోలేదు, అంతే. పరిష్కారం తేలిక. స్టాట్స్‌డీ గడువుని 60000 చెయ్యండి, లేదా గ్రాఫైట్ మొదటి గడిని 10 సెకన్లు చెయ్యండి. మన పదకోశం లాంటి చిన్న వెబ్‌సైట్‌కి నిమిషానికి ఒకసారి చాలు.

మూడోది, సగటు. గ్రాఫైట్ పాత అంకెల్ని కుదించి దాస్తుంది. నిన్నటివి నిమిషం లెక్కన, పోయిన నెలవి గంట లెక్కన అన్నట్టు. కుదించేటప్పుడు ఏమీ చెప్పకపోతే సగటు తీస్తుంది. పైన చెప్పిన ఆరు అంకెల సగటు 2, మొత్తం 12. క్యూలో నిలబడ్డ సమయానికి సగటు సరిపోతుంది. ఎన్ని టోకెన్లు ఇచ్చారన్నదానికి సగటు పనికిరాదు, కూడిక కావాలి. అందుకే కౌంటర్ల మొత్తాలు రాసే కొలతలకి కూడిక చెయ్యమని గ్రాఫైట్‌లో ఒక నియమం రాయాలి. ఇంకో చిక్కు ఏమిటంటే, గ్రాఫైట్‌లో ఈ నియమాలు కొత్తగా పుట్టే కొలతలకే పడతాయి. ముందే పుట్టినవి పాత పద్ధతిలోనే ఉంటాయి. కాబట్టి మొదటి చీటీ పంపకముందే నియమం రాసుకోవాలి.

నాలుగోది సున్నాకీ ఖాళీకీ తేడా. ఒక కౌంటర్ పేరు ఒక్కసారి విన్నాక, ఆ తర్వాత చీటీలు రాకపోతే స్టాట్స్‌డీ ప్రతి గడువుకీ సున్నా పంపుతూ ఉంటుంది. ఆ సున్నాకి రెండు అర్థాలు ఉండొచ్చు. ఎవరూ వెతకలేదు కావచ్చు, వెబ్‌సైట్ నుంచి స్టాట్స్‌డీకి దారి తెగి ఉండొచ్చు. చీటీలకి రసీదు లేదని పైన చెప్పాను కదా, దాని ధర ఇదే. వాడుకలో లేని కౌంటర్లని తీసెయ్యమని సెట్టింగ్ పెడితే సున్నాకి బదులు ఖాళీ వస్తుంది, కానీ అప్పుడు ఖాళీకి రెండు అర్థాలు వస్తాయి. మంచి ఉపాయం ఒకటుంది. ఎవరు వెతికినా వెతక్కపోయినా, వెబ్‌సైట్ నిమిషానికి ఒకసారి "నేను ఉన్నాను" అని ఒక కౌంటర్ చీటీ పంపాలి. అది నిమిషానికి 1 అని వస్తూ, వెతుకులాట 0 అని ఉంటే, ఆ సున్నాని నమ్మొచ్చు. అది కూడా 0 అయితే ఆ రోజు లెక్క మనకి అందలేదని రాసుకోవాలి. హాజరు పట్టీలో "రాలేదు" అన్నదీ "హాజరు తీసుకోలేదు" అన్నదీ ఒకటి కాదు కదా.

మన అక్షరాలు ఎక్కడ పోతాయి

ఇప్పుడు మొదట్లో చెప్పిన సంగతికి వస్తాను. చీటీ అందగానే స్టాట్స్‌డీ కొలత పేరుని శుభ్రం చేస్తుంది. ఖాళీ జాగా ఉంటే కింది గీతగా మారుస్తుంది. ఏటవాలు గీతని అడ్డగీత చేస్తుంది. ఆ తర్వాత ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, చుక్క, అడ్డగీత, కింది గీత లాంటి కొద్దిపాటి గుర్తులు తప్ప మిగతావన్నీ తీసేస్తుంది. తెలుగు అక్షరం, ఒత్తు, గుణింతం ఏదైనా సరే ఆ మిగతావాటిలోకే వస్తాయి.

మనం ఇంగ్లీషులో వర్డ్ అని రాసి, చుక్క పెట్టి, ఆ తర్వాత తెలుగులో అమ్మ అని పేరు పెట్టామనుకోండి. శుభ్రం చేశాక మిగిలేది వర్డ్, చుక్క. నాన్న అని పెట్టినా అదే మిగులుతుంది. అవ్వ అన్నా అంతే. అమ్మ, నాన్న, అవ్వ ముగ్గురి లెక్కా ఒకే పేరులేని గంపలో పడుతుంది. తప్పు జరిగిందని ఎవరూ చెప్పరు, ఎందుకంటే ప్రోగ్రాం దృష్టిలో అది మామూలు పేరే.

ఈ శుభ్రం చేసే పనిని ఆపడానికి సెట్టింగ్ ఉంది. ఆపితే పేర్లని తమకి తగ్గట్టు శుభ్రం చేసుకునే బాధ్యత బ్యాకెండ్‌లకి వెళ్తుంది. ఇక్కడే బ్యాకెండ్‌లు విడివిడిగా ఉండటం వల్ల వచ్చే తేడా కనిపిస్తుంది. గ్రాఫైట్ బ్యాకెండ్ అదే నియమంతో మళ్లీ శుభ్రం చేస్తుంది, తెలుగు మళ్లీ పోతుంది. ఇంకో బ్యాకెండ్ వేరేలా చెయ్యొచ్చు. అంటే స్టాట్స్‌డీలో సెట్టింగ్ మార్చినంత మాత్రాన సరిపోదు. ఆఖరి చోటు ఏది ఒప్పుకుంటుందో అదే లెక్క.

పేర్లని ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే సరిపోదా అంటే, మన భాషకి అది పూర్తిగా కుదరదు. కల అన్నా కళ అన్నా మామూలుగా టైప్ చేస్తే ఇంగ్లీషులో ఒకటే. లకీ ళకీ, నకీ ణకీ, హ్రస్వానికీ దీర్ఘానికీ తేడా పోతుంది. పెద్ద అక్షరం, చిన్న అక్షరం వాడి తేడా చూపొచ్చు కానీ, అందరూ ఒకేలా రాయాలంటే ముందు దానికొక వ్యాకరణం రాయాలి.

ఇంకో ఇబ్బంది జాగా. గ్రాఫైట్ ఒక్కో కొలతకి ఒక్కో ఫైల్ పెడుతుంది, గళ్లన్నిటికీ ముందే జాగా పట్టుకుంటుంది. ఒక్కో గడికి 12 బైట్లు. నిమిషానికి ఒకటి చొప్పున 30 రోజులు దాచాలంటే 43,200 గళ్లు, అంటే 5,18,400 బైట్లు, దగ్గరదగ్గర అర మెగాబైట్. కౌంటర్‌కి మొత్తం ఒక ఫైల్, సెకనుకి ఎన్ని అనే రేటు ఇంకో ఫైల్, అంటే రెండు. పదకోశంలో 2,000 మాటలుండి ఒక్కో మాటకి ఒక్కో కౌంటర్ పెడితే రెండు గిగాబైట్లు దాటుతుంది. అందులో చాలా గళ్లలో సున్నాలే ఉంటాయి.

అందుకని మాటకో కౌంటర్ పెట్టకుండా వర్గానికో కౌంటర్ పెట్టుకోవాలి. వంటింటి మాటలు, పొలం మాటలు, వరసలు పిలిచే మాటలు, తిట్లు, సామెతలు ఇలా ఓ పదిహేను వర్గాలు. ఒక్కోదానికి ఒక ఇంగ్లీషు అక్షరం, ఒక అంకె గుర్తుగా ఇవ్వాలి. ఏ గుర్తు ఏ వర్గమో తెలుగులో ఒక పట్టిక రాసి దాచుకోవాలి. ఏ మాటని వెతికారు అన్న వివరం కావాలంటే అది కొలతలోకి ఎక్కించకుండా విడిగా మామూలు ఫైల్‌లో రాసుకోవాలి. అక్కడ తెలుగు తెలుగులాగే ఉంటుంది.

సొంత బ్యాకెండ్

పోయిన తెలుగుని తిరిగి తెచ్చుకునే చోటు కూడా బ్యాకెండే. సొంతంగా రాయడం మనం అనుకున్నంత పెద్ద పని కాదు. కంప్యూటర్ సైన్స్ అమ్మాయిల్లో జావాస్క్రిప్ట్ వచ్చిన ఒకరిని పక్కన కూర్చోబెట్టుకుంటే ఒక మధ్యాహ్నం పని.

బ్యాకెండ్‌లో ఇనిట్ అనే పని ఒకటి ఉండాలి. స్టాట్స్‌డీ మొదలయ్యేటప్పుడు దాన్ని పిలిచి, ఎప్పుడు మొదలైందో, సెట్టింగులు ఏమిటో, ఏ సంఘటనలు వినొచ్చో చేతికిస్తుంది. మన బ్యాకెండ్ "ఫ్లష్ అయినప్పుడు నన్ను పిలువు" అని చెప్పి, అంతా సరిగ్గా ఉంటే అవును అని జవాబివ్వాలి. జార్ మోటారు మీద కూర్చున్నట్టు అన్నమాట. ఆ తర్వాత ప్రతి గడువుకీ సమయం, ఆ గడువులోని కౌంటర్లు, గేజ్‌లు, టైమర్లు, సెట్‌లు అన్నీ దాని చేతికొస్తాయి. వాటితో ఏం చెయ్యాలన్నది మన ఇష్టం.

మన బ్యాకెండ్ గుర్తుల పట్టికని చూసి, ఆ గుర్తు పక్కన వంటింటి మాటలు అని తెలుగులో పేరు వేసి, అంకెల్ని ఒక ఫైల్‌లో కలుపుకుంటూ పోవచ్చు. వారం చివర ఆ ఫైల్‌ని అచ్చు తీసి ఇదే గోడ మీద అంటించొచ్చు. గ్రాఫైట్ చూడటం రానివాళ్లకీ లెక్క అందుతుంది.

ఎవరికి చేరుతోంది

ఆఖరిగా ఒక జాగ్రత్త. బ్యాకెండ్స్ వరుసలో ఎన్ని పేర్లుంటే అన్నిటికీ అవే అంకెలు వెళ్తాయి. ఇది గ్రాఫైట్‌కి మాత్రమే, అది కన్సోల్‌కి మాత్రమే అని స్టాట్స్‌డీ తనంతట వేరుచెయ్యదు. బయటి కంపెనీకి పంపే బ్యాకెండ్ ఒకటి కలిపామంటే మన కొలతలన్నీ వాళ్ల దగ్గరికీ వెళ్తాయి.

వేరు వేరు మనుషులు ఎంతమంది అని లెక్కించే సెట్‌లో ఫోన్ నంబరో, రోల్ నంబరో పెట్టడం సులువుగా అనిపిస్తుంది. గ్రాఫైట్‌కి సెట్ నుంచి ఎంతమంది అనే అంకె వెళ్తుంది, నిజమే. కానీ ఫ్లష్ అయినప్పుడు బ్యాకెండ్ చేతికి సెట్‌లోని విలువలు కూడా అందుతాయి. రిపీటర్ అయితే చీటీని ఉన్నదున్నట్టే పంపేస్తుంది. ఏ అమ్మాయి రాత్రి ఎన్ని గంటలకి ఏ పేజీ చూసిందో ఇంకెవరికో తెలిసే వీలు మనమే కల్పించినట్టు అవుతుంది. సెట్‌లో గుర్తుపట్టలేని అంకె ఏదైనా పెట్టాలి. కొలత పేర్లలో మనుషుల పేర్లు అసలు పెట్టకూడదు.

అమర్చుకునే వరుస ఒకసారి చెప్పుకుందాం. ముందు కన్సోల్ ఒక్కటే పెట్టి చీటీలు వస్తున్నాయో లేదో చూడాలి. తర్వాత గ్రాఫైట్‌లో గడి సమయం, కూడిక నియమం రాసి, అప్పుడు బ్యాకెండ్స్ వరుసలో కన్సోల్ పక్కనే గ్రాఫైట్ కలపాలి. చేత్తో లెక్కపెట్టి పదిసార్లు వెతికి, పది అని కనిపిస్తోందా చూడాలి. "నేను ఉన్నాను" కౌంటర్ పెట్టాలి. 8126 కిటికీలో వారానికోసారి విచారించాలి. గుర్తుల పట్టిక ఒక కాపీ కంప్యూటర్‌లో, ఒకటి డిపార్ట్‌మెంట్ బీరువాలో ఉండాలి, ఎందుకంటే మూడేళ్లకి మనం వెళ్లిపోతాం, జూనియర్లకి ఆ పట్టిక లేకపోతే గుర్తులు ఒట్టి అంకెలే.

ఇవన్నీ చేశాక కూడా ఎవరూ వెతకలేదనే అంకె రావొచ్చు. వస్తే అది నిజమైన సున్నా. అప్పుడు వెబ్‌సైట్‌ని ఏం చెయ్యాలో మేడమ్‌లతో కూర్చుని మాట్లాడుకోవచ్చు. దారి మధ్యలో తెగి వచ్చిన సున్నాని చూసి మాత్రం ఆ మాటల్ని తీసెయ్యకూడదు.